చేతిలో ఇమిడిన రివాల్వరు

(పఠనమందిర సభ్యులు కోరగా చేసిన ప్రసంగపాఠము)



గడచిన మాసమున మన పట్టణమున మూడిండ్లలో దొంగలు పడిరి. అందొక యింట వృద్ధురాలిని త్రాళ్లతో కట్టివేసి బంగారము గొనిపోయిరి. నాటినుండి బజారున నలుగురు గూడినచోటనెల్ల తుపాకి లైసెన్సు మాటయే వినబడుచున్నది. బియ్యపు వర్తకు లిద్దరును, ఒక వైద్యుడును, బంగారుపని చేయు మిత్రు డొకడును దరఖాస్తు ఫారములు తెప్పించుకొనిరట. మాయొద్ద పండ్రెండేండ్లుగా ఒక చిన్న రివాల్వరు కలదని తెలిసి, "కొనవలెనా, వలదా? మీ యనుభవము చెప్పుడు" అని మీ కార్యదర్శిగారు మమ్ము పిలిచిరి.

ఇట్టి ప్రశ్నకు పత్రికలో రెండు వాక్యములు వ్రాసి తప్పించుకొనవచ్చును. కాని అడుగుచున్నవారు మన పొరుగువారు; వారి భయము నిజమైన భయము. కావున మాకు దెలిసినదెల్ల, మాకు సిగ్గు గలిగించునది గూడ దాపక, చెప్పుటకే వచ్చితిమి.

ముందుగా వస్తువేదో చూడుడు. దానిని సభకు తేలేదు. ఆయుధము పట్టుకొని సభలకు వచ్చుట మాకు రుచింపదు, చట్టమునకును రుచింపదు. అది ఏ కార్ఖానాలో పుట్టినదో గూడ చెప్పము. చెప్పినచో మేము చేయబోవు ఫిర్యాదులు ఆ కార్ఖానాపై బడును. అందు సగము దోషము మా చేతిదే. గొట్టము రెండంగుళములు. అరచేత నుంచి పిడికిలి మూసినచో పిడి చివరయు గొట్టము కొనయు మాత్రమే బయటికి గనబడును. ఎనిమిది తూటాలు పట్టు చక్రము. బోరు .22, అనగా అంగుళమును నూరు పాళ్లు చేసిన అందిరువదిరెండు పాళ్లు. మన కొలతలో అయిదున్నర మిల్లీమీటర్లకు పిసరంత యెక్కువ. దాని గుండు సాధారణముగా 40 గ్రెయినులు, అనగా 2.6 గ్రాములు. తులము బంగారముతో తూచినచో ఇట్టి గుండ్లు నాలుగు చాలవు.

ఇది పేలు విధము వేరు. పెద్ద తూటాల యడుగున నట్టనడుమ చిన్న టోపీ యొకటి యుండును. సుత్తి దానిని గ్రుద్దును. ఈ చిన్నదానికి టోపీ లేదు. పలుచని ఇత్తడి గొట్టపు అడుగంచును వెలికి మడచి, ఆ మడత లోపల చుట్టును అగ్గిమందు పూయుదురు. సుత్తి ఆ యంచును ఏ ప్రక్క నలిపినను మందు రాజుకొని, లోని పొడి నంటుకొని, సీసపుగుండు ముందుకు దూకును. అంచున నిప్పు పుట్టునది గనుకనే రిమ్‌ఫైరు అనిరి. అంచు నలుగుటకై ఇత్తడి పలుచగా నుండవలెను. ఇత్తడి పలుచన గనుక మందు హెచ్చుగా దట్టరాదు. మందు కొంచెము గనుక దెబ్బయు చప్పుడును వెనుకకు తన్నుటయు కొంచెమే. చౌక. ఒకమారు పేలిన గొట్టము మరల పనికిరాదు. మడతలోని మందు ఒక ప్రక్క దట్టముగను ఒక ప్రక్క వెలితిగను నున్నచో సుత్తి పడినను తూటా మౌనము వహించును. ఈ మౌనమును గూర్చి పిదప చెప్పెదము.

దీని పుట్టుక వినోదమునకే. ఫ్రాన్సు దేశమున ఫ్లోబేర్ అను పనివాడు 1845లో అగ్గిటోపీమీదనే ఒక చిరుగుండు నంటించి, వేరు మందు లేకయే పేలునట్లు చేసెను. గొప్పయిండ్ల గదులలో గురి యాటకు దానిని వాడిరి. అమెరికాలో స్మిత్, వెస్సన్ అను నిద్దరు దానిని పొడవు చేసి లోన మందునించి, 1857లో ఏడు తూటాల చిన్న రివాల్వరు నమ్మజూపిరి. తూటాను వెనుకనుండి దోపుటకు చక్రమును ఈ కొననుండి ఆ కొనవరకు తొలుచు హక్కు 1855లోనే రోలిన్ వైట్ అనునతడు పేటెంటు పొందియుండెను. వా రాయన హక్కును రివాల్వరొక్కింటికి పావు డాలరు చొప్పున తీసికొనిరి. కాని ఒడంబడికలో నొక మెలిక గలదు: పేటెంటును దొంగిలించువారిపై వ్యాజ్యము నడపవలసినవాడు వైటే. పావలాలు వచ్చుచునేయుండెను, వకీళ్ల చేతికి పోవుచునేయుండెను. 1869లో పేటెంటు గడువు తీరెను. గడువు పెంచుటకై కాంగ్రెసు చేసిన బిల్లును అధ్యక్షుడు గ్రాంటు 1870లో త్రోసివేసెను. తుపాకి కనిపెట్టి కోర్టు ఖర్చులకు సొమ్ము పోగొట్టుకొన్న ఈ మనుష్యుని తలచుకొన్నప్పుడెల్ల మాకు మన జిల్లా కోర్టు మెట్లమీద గూర్చుండు కక్షిదారులే జ్ఞప్తికి వత్తురు. నేడు లోకమంతట వాడు .22 లాంగ్ రైఫిల్ తూటా 1887లో స్టీవెన్స్ కంపెనీవారు చేసినది. దాని అంచు నేటికిని ఆ మడతయే.

ఇక మన దేశపు మాట. 1878లో లిట్టన్ ప్రభువు రెండు చట్టములు తెచ్చెను. ఒకటి దేశభాషా పత్రికల నోరు నొక్కునది, రెండవది జనుల చేతి ఆయుధములు లాగుకొనునది. మొదటిది రిప్పన్ ప్రభువు కాలమున రద్దయ్యెను. రెండవది తరతరములు నిలిచెను. ఐరోపావారికి మినహాయింపు, మనవారికి లైసెన్సు. అవమానము తుపాకి లేకపోవుటలో లేదు; ఒకే వీథిలో నొకని నమ్మి వేరొకని నమ్మకపోవుటలో గలదు. కుర్గువారికి మాత్రము మినహాయింపు దొరకెను. అది 2029 వరకు నిలుచునట్లు మన ప్రభుత్వమే 2019లో పొడిగించెను. అహింసావాదియైన గాంధీమహాత్ముడు గూడ 1918లో ఖేడాజిల్లాలో సైన్యమున చేరుడని ప్రచారము చేయునప్పుడు, జాతిని నిరాయుధము చేసిన ఈ చట్టమును ఆంగ్లపాలన చేసిన దుష్కార్యములలో మిక్కిలి దుష్టమైనదిగా నెంచెను. మన మన్యమున 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడినప్పుడు తీసికొనిపోయినవి ధనము గాదు, 26 తుపాకులును వాని తూటాలును. ఆయుధము లేనితనము ఆనాడు ఎంత నొప్పించెనో ఇంతకన్న చెప్పనక్కరలేదు.

ఈ నొప్పి వలననే 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానమున నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును గూడ చేర్చెను. కాని స్వరాజ్యము వచ్చినపిమ్మట, 1948 డిసెంబరులో, రాజ్యాంగ సభయందు కామత్ గారు ఆ హక్కును చేర్పుడని సవరణ తెచ్చినప్పుడు డాక్టరు అంబేడ్కరు ఒప్పుకొనలేదు. హక్కని వ్రాసినచో అది దొంగలకును దక్కునుగదా యని ఆయన వాదము. సవరణ వీగిపోయెను. మేము యౌవనమున ఈ చర్చ చదివి కామత్ గారి పక్షమున నుంటిమి. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. ఇప్పుడేల చెప్పితిమో ముందు తెలియును.

1878 చట్టమునకు బదులు 1959 చట్టము వచ్చి, 1962లో అమలయ్యెను. దాని క్రింద తుపాకి మన హక్కు గాదు, అనుమతి. ఏల కావలెనో అధికారికి నచ్చజెప్పవలెను. పోలీసువారి విచారణ నివేదిక రావలెను. 2016 నిబంధనల తరువాత భద్రముగా వాడుట నేర్చిన శిక్షణయు గావలెను. 2019 సవరణతో ఒక్కొక్కనికి మూడు తుపాకుల పరిమితి రెంటికి దిగెను. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లకు పెరిగెను. పెండ్లి యూరేగింపులలో తుపాకి పేల్చి వేడుక చేసికొనువారికి రెండేండ్ల వరకు ఖైదు గాని లక్ష రూపాయల వరకు జరిమానా గాని రెండును గాని విధింపవచ్చును. ఈ చివరి మాటను పెండ్లి పెద్దలు చెవిని బెట్టుకొందురుగాక.

కొను వస్తువు మాటకు వత్తము. ప్రభుత్వ కార్ఖానాలవారు స్త్రీల రక్షణ కొరకని 2014 జనవరిలో కాన్పూరునుండి 'నిర్భీక్' అను .32 బోరు రివాల్వరును విడుదల చేసిరి. దాని వెల లక్ష రూపాయలకు పైమాట. ఎవరి రక్షణకై చేసితిమనిరో ఆ రాత్రి బస్సెక్కు ఆడుబిడ్డకు ఆ లక్ష యెక్కడనుండి వచ్చునో ఎవరును చెప్పలేదు. పిదప ఇషాపూరు రైఫిలు ఫ్యాక్టరీనుండి 'నిడర్' అను .22 చిన్న రివాల్వరు వచ్చెను; సుమారు 250 గ్రాముల బరువు. అర్థము రెండింటికి నొకటే, భయము లేనిదని. పేరు పెట్టుట మాత్రము మనవారికి బాగుగ తెలియును.

మా రివాల్వరు అంతకుముందే వచ్చినది. ఒక పెద్దమనుష్యుడు మరణించిన పిమ్మట ఆయన వారసులు డీలరు దుకాణమున జమ చేసినదానిని మేము కొంటిమి. ఆ రోజులలో మా పత్రిక ఇసుక వ్యాపారమును గూర్చి కొన్ని వ్యాసములు ప్రకటించెను. రాత్రివేళ టెలిఫోను మ్రోగుట, పలుకకుండ పెట్టివేయుట జరుగుచుండెను. ఒకనాడు మా యింటి గోడమీద బొగ్గుతో నేమో వ్రాసిరి. మా గృహిణి నిద్రపోవుట మానెను. అప్పుడు దరఖాస్తు పెట్టితిమి. లైసెన్సు వచ్చుటకు పదునాలుగు మాసములు పట్టెను. బెదిరింపులు ఆరు మాసములకే ఆగిపోయెను. ఆయుధము చేతికి వచ్చుసరికి దాని యవసరము తీరియుండెను, అయినను మానలేదు. ఆ నల్లని వస్తువు బల్ల సొరుగున నున్నదన్న తలంపే ఒక మందువలె పనిచేసెను. ఈ మాట మేము దాచము. మొదటి రెండు మూడు మాసములు వీథిలో నడచునప్పుడు మా నడకయే మారెను. మమ్మెరిగిన టీకొట్టువాడు నవ్వి, "అయ్యగారు కొంచెము పొడుగైనట్టున్నారు" అనెను.

మరియొక సంగతి లైసెన్సు కోరువా రెరుగవలెను. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఆయుధము ఠాణాలో జమ చేయుడని ఉత్తరువు వచ్చును. పంచాయతీకి, శాసనసభకు, లోక్‌సభకు ఎన్నియో యెన్నికలు. మా రివాల్వరు ఠాణా పెట్టెలో గడపిన దినములు మా యింట గడపినవానిలో తక్కువేమి గావు. దొంగలు ఎన్నికల నియమావళిని చదువరనుకొనుచున్నాము.

ఇక పేల్చుట. రివాల్వరును కొన్నవారిలో పదింట తొమ్మండుగురు దానిని పేల్చి యెరుగరని మా నమ్మకము. బట్టలో చుట్టి బీరువాలో పెట్టుదురు. దసరాకు బొట్టుపెట్టి మరల చుట్టుదురు. మేమును రెండేండ్లు అట్లే చేసితిమి. ఆపిమ్మట సిగ్గువచ్చి రైఫిలు క్లబ్బున సభ్యులమై, విశ్రాంతి పుచ్చుకొన్న యొక సుబేదారుగారి యొద్ద నేర్చుకొంటిమి. ఆయన మమ్ము మొదటి మూడు ఆదివారములు తూటా ముట్టనీయలేదు. చక్రము తెరచుట, ఎనిమిది గూళ్లలోను వ్రేలు పెట్టి చూచుట, మరల చూచుట, గొట్టమును నేలకో గురిమన్ను గట్టుకో త్రిప్పియుంచుట, వ్రేలిని ట్రిగ్గరుకు దూరముగ చాచియుంచుట: ఇంతే పాఠము. "సార్, ఖాళీ తుపాకి అనునది లోకమున లేదు" అని ఆయన వారమునకు పదిమారులైన ననుచుండెను. మేము ముసిముసినవ్వులు నవ్వితిమి.

నాలుగవ ఆదివారము ఏడు గజముల దూరమున అన్నపు పళ్లెమంత కాగితము పెట్టించి ఎనిమిది తూటాలిచ్చెను. ఏడు గజములనగా ఈ వేదిక నుండి మూడవ బెంచీ. నలుబదేండ్లు కలము పట్టిన చేయి గదా, వణకదులే యనుకొంటిమి. ఎనిమిదింట రెండు కాగితమునకు తగిలెను. ఒకటి పేలనే లేదు. మిగిలిన యైదును మన్నుగట్టు ఆరగించెను.

కారణము సుబేదారుగారు చెప్పగా తెలిసినది. గురి చూచుటకు గొట్టము మీద ముందొక మిట్ట, వెనుక నొక గాడి యుండును. పొడుగు తుపాకికి ఆ రెంటి నడుమ మూరెడు దూరముండును; దీనికి నాలుగు వ్రేళ్లు. నడిమి దూర మెంత తగ్గునో చేతి తప్పు అంత పెద్దదగును. వెంట్రుకవాసి చేయి కదలినను ఏడు గజముల యవతల జానెడు తేడా. దానిపై ట్రిగ్గరు బిగువు. అంచు నలిపి మందు రాజుటకు సుత్తి గట్టిగ పడవలెను. సుత్తి గట్టిగ పడుటకు స్ప్రింగు గట్టిగ నుండవలెను. ఆ బరువంతయు ఒక వ్రేలు లాగవలెను. తేలిక ఆయుధమును బరువుగ లాగినచో పిడికిలియంతయు క్రిందికి వంగును. బొమ్మవలె నున్నది గనుక చిన్నచేతులకు సులభమని అంగడివారు చెప్పుదురు. సత్యమునకు చిన్న రివాల్వరు పేల్చుట పెద్దదానికన్న కష్టము. ఒలింపికు క్రీడలలో 25 మీటర్ల దూరమున వాడునవి గూడ .22 తూటాలే, 2012లో విజయకుమార్ రజతము గెలిచినది ఆ తూటాతోనే, మన హైదరాబాదు బిడ్డ ఈషాసింగు 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో రజతము తెచ్చినది ఆ దూరముననే. కాని వారి చేతులలోనివి రివాల్వరులు గావు, పొడుగు గొట్టపు పిస్తోళ్లు. వారు దినమునకు నూర్లకొలది తూటాలు పేల్చి నేర్చినవారు. మనకు లైసెన్సు పుస్తకముపై వ్రాసిన సంఖ్యకు మించి తూటాలు కొన వీలులేదు. నేర్చుకొనుటకు ఖర్చుచేసినచో ఇంట మిగులవు. ఇంట దాచినచో చేయి నేర్వదు. ఆత్మరక్షణకని ఆయుధమిచ్చి సాధనకు తూటాలీయకపోవుట ఏమి న్యాయమో మాకు బోధపడలేదు. ఈ పత్రిక యిదివర కీ సంగతి వ్రాసెను, మరల వ్రాయును.

పేలని తూటా సంగతి చెప్పెదమంటిమి. సుత్తి పడి చప్పుడు రానప్పుడు మనుష్యుని మొదటి బుద్ధి ఆయుధమును త్రిప్పి గొట్టములోనికి తొంగిచూచుట. అట్లు చేయరాదు. మందు ఆలస్యముగ రాజుకొన్నను రాజుకొనవచ్చును. గొట్టమును గట్టువైపే యుంచి, ముప్పది లెక్కపెట్టి, అప్పుడు చక్రము తెరువవలెను. ఇది మైదానమున బాగు. నడురాత్రి గుమ్మమున దొంగ నిలిచినప్పుడు ముప్పది లెక్కపెట్టు వాడెవడు? రివాల్వరున నొక సుఖము గలదు. మరల లాగినచో చక్రము తిరిగి వేరొక తూటా సుత్తి క్రిందికి వచ్చును. అందుకే రిమ్‌ఫైరు తూటాకు పిస్తోలుకన్న రివాల్వరు నమ్మకమైనదందురు. మేమును దాని కొప్పుకొందుము. చెవులకు కప్పులు లేక పేల్చరాదు; చిన్నగొట్టపు చప్పుడు చెవిని చీల్చును. తిరిగి వచ్చి చేతులు కడుగక అన్నము ముట్టరాదు, సీసము విషము. ఖాళీగూటిమీద సుత్తి పదేపదే పడనీయరాదు. మొన ఇనుపయంచుకు తగిలి అరుగును.

ఇంత చెప్పిన పిమ్మట మేము సత్యమొకటి యొప్పుకొనవలెను. ఆరు మాసముల సాధన తరువాత ఒక ఆదివారము ఎనిమిది గుండ్లును ఆ కాగితమున పడెను. ఆ యానందము ఇంతయంతగాదు. ఊపిరి బిగబట్టి, మిట్టను గాడిలో నిలిపి, లోకమునంతయు మరచి వ్రేలిని మెల్లగ లాగు ఆ రెండు క్షణముల ఏకాగ్రత మాకు సంపాదకీయము వ్రాయునప్పుడు గూడ దొరకదు. ఆయుధము నేర్చుటను నిందించుటకు మేము రాలేదు.

కాని దీనిని బొమ్మ యనువారిని మాత్రము సహింపజాలము. .22 తూటాల డబ్బామీద ఈ గుండు మైలున్నర దూరమువరకు అపాయకరమని అచ్చువేయుదురు. 1968 జూన్ 5వ తేదీ అర్ధరాత్రి దాటిన వెంటనే లాస్ ఏంజెలిసు హోటలు వంటింటి దారిలో రాబర్టు కెనడీని నేలగూల్చినది ఎనిమిది తూటాల .22 రివాల్వరే, మరునా డాయన మరణించెను, చుట్టునున్నవారిలో నైదుగురు గాయపడిరి. 1981 మార్చి 30న వాషింగ్టను నగరమున అధ్యక్షుడు రీగను మీద పేల్చినదియు అట్టిదే. డాలసులో నొక తాకట్టుదుకాణమున ఏబది డాలర్లకు లోపు వెలకు దొరకిన సరుకు. రెండు క్షణములలో ఆరు గుండ్లు. రీగనుకు తగిలినది తిన్నగ తగిలినదిగాదు. కారు రేకుకు తాకి, మరలి, ఆయన చంక క్రింద దూరి ఊపిరితిత్తిలో గుండెకు అంగుళము దూరమున నిలిచెను. కార్యదర్శి జేమ్సు బ్రాడీ తలకు తగిలి, ఆయన 2014లో మరణించువరకు చక్రముల కుర్చీకే అంకితమయ్యెను. తుపాకి కొనువాని పూర్వాపరములు విచారింపవలెనను 1993 నాటి అమెరికా చట్టమునకు ఆయన పేరే పెట్టిరి. రెండున్నర గ్రాముల సీసము చేసిన పనులివి. ఆ నగరమున అంతమంది కావలివాండ్రు ఆయుధపాణులై చుట్టునుండిరి. పేల్చువాడు పేల్చిన పిమ్మటనే వారు వానిపై బడిరి. ఇదియు గమనింపుడు.

ఇప్పుడు మా యింటి సంగతి. రివాల్వరు నొక బీరువాలో, తూటాలు వేరొక గదిలోని ఇనుపపెట్టెలో నుంచుట మా యలవాటు. బీరువా తాళపుచెవి దేవుని పటము వెనుక. ఈ రహస్యము మాకును మా గృహిణికిని దప్ప నెవరికిని తెలియదనుకొంటిమి. 2019 వేసవిలో మనుమడు వచ్చెను. ఏడేండ్లవాడు. ఒక మధ్యాహ్నము మేము ప్రూఫులు దిద్దుచుండగా లోపలి గదిలో 'టక్' మను చప్పుడు. ఆ చప్పుడు మేమెరుగనిదా? ఎన్ని ఆదివారములు విన్నది! లేచి పరుగెత్తితిమి. మా గృహిణి చాపమీద పండుకొని పత్రిక చదువుచున్నది. పిల్లవాడు రెండు చేతులతోను రివాల్వరు పట్టుకొని అవ్వ ముఖమునకు మూరెడు దూరమున నిలిచి నవ్వుచున్నాడు. ఆమె తల యెత్తి చూడనైన లేదు, ఆటవస్తువనుకొన్నది. మరల లాగబోవుచుండగా మేము గొట్టమును పట్టి పైకెత్తితిమి.

అది ఖాళీ. ఖాళీయే. కాని అంతకు ముందటి ఆదివారము క్లబ్బునుండి వచ్చి, వాన పడుచుండుటచే త్వరపడి, పెట్టెలో పెట్టవలసిన తూటాలు నాలుగు మా చొక్కా జేబులోనే మరచితిమి. ఆ చొక్కా అదే గదిలో చిలుకకొయ్యకు వ్రేలాడుచుండెను. పిల్లవానికి చక్రము తెరచుట ఎవరు నేర్పిరని యడిగితిమి. "నువ్వు తుడుచుచుండగా చూచితిని, తాతయ్యా" అనెను. ఆ రాత్రి మాకు కామత్ గారి సవరణయు, అంబేడ్కరుగారి సమాధానమును, రెండును జ్ఞప్తికి రాలేదు. చిలుకకొయ్యమీది చొక్కాయే కనబడెను.

ఇండ్లలో తుపాకి యుండుటవలన రక్షణ హెచ్చునా, అపాయము హెచ్చునా యని అమెరికా వైద్యులు చాలకాలమునుండి పరిశీలించుచున్నారు. 1993లో న్యూ ఇంగ్లండు జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వెలువడిన పరిశీలన తుపాకి గల యింట హత్య జరుగు నపాయము 2.7 రెట్లు హెచ్చని తేల్చెను. చంపినవారిలో పెక్కుమంది బయటివారు గారు, ఇంటివారో ఎరిగినవారో. ఆ లెక్కపై వాదములు గలవు. ఆ దేశపు అలవాట్లు వేరు, మనవి వేరు. అయినను మన యిండ్లలో కోపములు లేవా? అప్పుల దిగులుతో పురుగుల మందు త్రాగు రైతుల వార్తలు వారము వారము మా బల్లమీదికి రావా? అట్టి రాత్రి సొరుగున రివాల్వరున్నచో నేమగునో చెప్పుటకు విదేశపు లెక్క అక్కరలేదు.

చట్టము సంగతి గూడ వినుడు. ఆత్మరక్షణ హక్కు మనకు గలదు. 2024 జూలై నుండి అమలైన భారతీయ న్యాయసంహితలో 34 మొదలు 44 వరకు సెక్షనులు దానినే చెప్పును. ప్రాణభయమున్నప్పుడు ఎదిరిని చంపుటకైనను ఆ హక్కు చాలును. కాని అవసరమునకు మించిన హాని చేయరాదని గూడ అందే యున్నది. గోడ దూకి పారిపోవు దొంగ వీపున గుండు దించినవాడు, తెల్లవారినపిమ్మట తానే ముద్దాయి. చీకటిలో, నిద్రకండ్లతో, ప్రక్కింటివాడో కుమారుడో దొంగయో తెలియని ఆ క్షణమున ఈ సెక్షనుల నెవడు చదువుకొనును?

అయినను మా మిత్రుడు బంగారుపనివాని ప్రశ్న యొకటి మమ్ము వదలకున్నది. ఆయన యన్నాడు: "మీకు పత్రిక గలదు, నలుగురు గలరు. నా యంగడి ఊరిచివర. మా నాయనగారు పక్షవాతముతో పండుకొనియున్నారు. ఠాణాకు ఫోను చేసినచో జీపు వచ్చుటకు నలుబది నిమిషములు. అంతవరకు నేనేమి చేయుదును?" దీనికి మాయొద్ద సిద్ధమైన సమాధానము లేదు. తలుపునకు ఇనుపకడ్డీలు, కుక్క, దీపములు, వీథివారందరు వంతులవారీగ రాత్రి కావలి కాయుట: ఇవియెల్ల చెప్పితిమి. కావలికి మా పేరు మొదటనే వ్రాసికొనుడంటిమి. ఆయన వినెను. దరఖాస్తు మాత్రము మానుకొనలేదు. అతనిని మేము నిందింపము. ఠాణాకు ఇంకొక జీపు, ఊరిచివర నొక ఔట్‌పోస్టు అడుగుట మన పని. ఆ విన్నపమును ఈ సభనుండియే పంపవలెనని కార్యదర్శిగారిని కోరుచున్నాము. కాగితము వ్రాసి తెచ్చితిమి; సంతకములు చేయుడు.

మా రివాల్వరు ఇప్పుడింట లేదు. ఆ వేసవి గడచిన మరుసటి వారమే లైసెన్సు గల డీలరు దుకాణమున జమచేసితిమి. ఆదివారములందు అక్కడనుండి తీసికొని క్లబ్బుకు పోవుదుము. పేల్చి, తుడిచి, మరల అచ్చటనే యిచ్చి రసీదు తెచ్చుకొందుము. లైసెన్సు గడువు వచ్చు మార్చితో తీరును.

దరఖాస్తు పెట్టిన నలుగురు మిత్రులకు ఒక్క మనవి. ఈ ఆదివారము ప్రొద్దున ఏడు గంటలకు మాతో మైదానమునకు రండు. మా ఆయుధమును మీ చేతికీయజాలము, చట్టమొప్పదు. ప్రక్కన నిలిచి చూడవచ్చును. ఏడు గజముల దూరమున కాగితము పెట్టించెదము. మేము పరుగెత్తి వచ్చి, ఊపిరి తిరుగకముందే, సుబేదారుగారు చిటికె వేసిన తోడనే ఎనిమిదియు పేల్చెదము. కాగితమున ఎన్ని చిల్లులు పడునో మీరే లెక్కపెట్టుడు. చెవికప్పులు క్లబ్బున గలవు. టోపీలు మాత్రము తెచ్చుకొనుడు, అచ్చట నీడ లేదు.